తొమ్మిదో భాగం, ఏడో వచనం

సెప్టెంబరు 1, సోమవారం. 340వ రోజు

మూడు వందల నలభై. పొద్దున్నే లేచి అద్దం ముందు నిలబడి ఈ అంకె పైకి చెప్పాలి. పాస్టరుగారి సలహా. "ప్రభువు చేసిన మేలు మర్చిపోకుండా ఉంటావమ్మా" అన్నారు. అద్దంలో ఆడమనిషి మొహం చూస్తే పెద్ద మేలేదో జరిగినట్టు కనిపించదు గానీ, చెప్తాను.

కమిటీ ఉత్తరం వచ్చింది. అక్టోబరు 15, పదకొండు గంటలకి హాజరు కావాలి. నా నర్సు రిజిస్ట్రేషన్ తిరిగి ఇవ్వడమా, శాశ్వతంగా కొట్టెయ్యడమా అన్నది ఆ రోజు తేలుస్తారట. డాక్టరు సర్టిఫికెట్ ఒకటి, నా నడవడిక తెలిసిన ఇద్దరు పెద్దల ఉత్తరాలు రెండు పట్టుకెళ్ళాలి. ఒకటి పాస్టరుగారు ఇస్తారు. రెండోది నాకు వాక్యం నేర్పే టీచరుగారిని అడగాలి.

అక్క ఉత్తరం రెండుసార్లు చదివి "హమ్మయ్య" అంది. బావ "ఇక మా ఇంట్లో తలనొప్పొస్తే బీరువా తాళం అడుక్కోనక్కర్లేదన్నమాట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ మాత్రలన్నీ బీరువాలో, తాళంచెవి అక్క మెడలో. పదహారేళ్ళు సర్జికల్ వార్డులో చేసిన దాన్ని, ఒక మాత్ర కావాలంటే గుమ్మం దగ్గర చెయ్యి చాచి నిలబడాలి. మింగాక "ఏదీ, నోరు తెరు" అంటుంది. పేషెంట్లు నాలుక కింద దాచుకుంటారని అక్కకి ఒకప్పుడు చెప్పింది నేనే.

కమిటీ అడిగితే ఏం చెప్పాలో ఇక్కడ రాసి పెట్టుకుంటాను. వార్డు అలమారాలోంచి నొప్పి ఇంజెక్షన్లు దొంగతనంగా తీసుకుని నేనే పొడుచుకున్నాను. పోయిన సంవత్సరం ఆగస్టులో మొదలుపెట్టాను, సెప్టెంబరులో దొరికిపోయాను. రెండు నెలలు కూడా కాదు. ఎవరికీ హాని చెయ్యలేదు, నాకు తప్ప.

సెప్టెంబరు 2

నేను పని చేస్తున్న లాండ్రీకి ఇవాళ మా పాత ఆసుపత్రి దుప్పట్లు వచ్చాయి. మూలమూలకీ వార్డు ముద్ర. మేస్త్రీ దూరం నుంచే కేకేశాడు. "డాక్టరమ్మా, మీ పుట్టింటి సారె వచ్చింది!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే రేపు ఇంకో మాట అంటాడు.

ఆవిరి రోలరులోంచి వచ్చిన దుప్పటి ఒక్కొక్కటీ నాలుగు మడతలు వెయ్యాలి. మూలలు నేను పట్టినంత బాగా ఇక్కడ ఎవరూ పట్టలేరు. గొప్పలు చెప్పుకోవడానికి నాకు మిగిలింది దుప్పటి మూలలే.

సెప్టెంబరు 3, బుధవారం

టీచరుగారింటికి వెళ్ళాను. బుధవారం సాయంత్రం అయిదింటికి. నిమిషం ఆలస్యమైతే గోడగడియారం వైపు చూస్తారు, నోరెత్తరు. ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు చర్చిలో ఆడవాళ్ళకి వాక్యం నేర్పుతున్నారు. తుంటి ఆపరేషన్ తర్వాత చేతికర్ర లేకుండా నడవలేరు. ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే అయింది. ఎప్పుడో తెలీదు. నేను అడగలేదు.

ఆవిడ పద్ధతి ఇది: కీర్తనల్లో అన్నిటికంటే పొడుగైనది తీసుకుని, ఎనిమిదేసి వచనాల చొప్పున ఒక్కో భాగం కంఠతా పట్టాలి. ఆవిడ ఎదురుగా కూర్చుని చూడకుండా నోటుబుక్కులో రాయాలి. ఆ తర్వాత ఎర్ర పెన్సిలు దిగుతుంది. ఒక్క దీర్ఘం తప్పినా గీతే.

మొదట్లో ఒకసారి అన్నాను, "దేవుడికి అర్థమవుతుంది కదా టీచరుగారూ" అని.

"ఆయనకి అర్థమవుతుంది. ఎక్కాల్సింది నీ బుర్రకి" అన్నారు.

ఎక్కింది. చర్చిలో దీన్ని అద్భుతం అంటారు గానీ, నర్సుగా నాకు తెలిసింది వేరు. ఆ కోరిక పుట్టినప్పుడు దాని ఉధృతి కొన్ని నిమిషాలే. ఎనిమిది వచనాలు తప్పు లేకుండా నిదానంగా చెప్పుకుంటే ఎనిమిదోది పూర్తయ్యే సరికి అది సద్దుమణుగుతుంది. మూడు వందల నలభై రెండు రోజులు అలాగే గడిచాయి. అది దేవుడైతే దేవుడే, ఎర్ర పెన్సిలైతే ఎర్ర పెన్సిలే. నాకు రెండింటి మీదా నమ్మకం ఉంది.

ఆఖర్న ప్రార్థన ఎప్పుడూ నేనే చెయ్యాలి. "నువ్వే చెయ్యి. నీకు అలవాటవుతుంది" అంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ కూడికలోనూ అంతే. పన్నెండు మందిమి చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతాం. ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చేసి, అయిపోగానే పక్కవాళ్ళ చెయ్యి నొక్కాలి. చెయ్యనివాళ్ళు ఊరికే నొక్కి ఊరుకోవచ్చు. టీచరుగారు నా పక్కనే ఉంటారు. ఎప్పుడూ నా చెయ్యే నొక్కుతారు. నాకు నేర్పడం కోసం ఎంత తగ్గి ఉంటారో అనుకుంటాను.

ఉత్తరం అడిగాను. "తొమ్మిదో భాగం అప్పజెప్పు, రాస్తాను" అన్నారు.

సెప్టెంబరు 7, ఆదివారం

కూడికలో టీచరుగారు మళ్ళీ నా చెయ్యే నొక్కారు. బాగా చేశానని అందరూ అన్నారు.

సెప్టెంబరు 10, బుధవారం. 349

తొమ్మిదో భాగం ఎనిమిది వచనాలూ బస్సులో రెండుసార్లు, మెట్లెక్కుతూ ఒకసారి అనుకుని వెళ్ళాను. ఇవాళ రాయించలేదు. చెయ్యి నొప్పిగా ఉందట, నోటితో చెప్పమన్నారు.

ఆరు బాగానే చెప్పాను. ఏడో వచనం అందుకున్నాను. నేను బాధపడటం నాకు మేలే అయింది అని దేవుడితో చెప్పుకునే వచనం. నాకు చాలా ఇష్టం, నా కోసమే రాసినట్టుంటుంది. సగంలో ఉండగా ఆవిడ పెన్సిలు బల్ల మీద పెట్టేశారు.

"అది వదిలెయ్యి. ఎనిమిదోది చెప్పు."

"తప్పు చెప్పానా టీచరుగారూ?"

"లేదు. వదిలెయ్యమన్నాను."

దీర్ఘం తప్పితే ఊరుకోని మనిషి. వచనానికి వచనమే వదిలెయ్యమన్నారు. ఎనిమిదోది చెప్పాను. ఆవిడ కిటికీ వైపు చూస్తున్నారు, విన్నారో లేదో తెలీదు. ప్రార్థన నేనే చేశాను.

సెప్టెంబరు 11

ఎందుకు వదిలెయ్యమన్నారు?

సెప్టెంబరు 17, బుధవారం

టీచరుగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. "అంతలో పదో భాగం తీసి ఉంచు" అన్నారు. ఆవిడ బైబిలు తీశాను. పేజీల మధ్య గుర్తుకి ఒక మడత కాగితం పెట్టుకున్నారు. పేజీ తిప్పబోతే జారి ఒళ్ళో పడింది. ఆ కాగితం రంగు నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. మా వార్డు డిశ్చార్జి కార్డు.

ఆపరేషన్ తేదీ పోయిన సంవత్సరం జూలై 8. బెడ్ నంబరు 14.

మళ్ళీ అదే పేజీలో పెట్టేశాను. టీ తాగాను. బాగుందన్నాను.

జూలై కదా. నేను మొదలుపెట్టింది ఆగస్టులో. పైగా ఆ వార్డులో ఇరవై నాలుగు మంచాలు. అన్నిటికీ నేనొక్కదాన్నేనా సూదులు వేసింది?

సెప్టెంబరు 18

జూలైలో నాకు కొన్ని రోజులు సెలవు కూడా ఉంది. అక్క వాళ్ళ గృహప్రవేశానికి వచ్చాను.

సెప్టెంబరు 19

గృహప్రవేశం మే నెలలో. అక్కని అడిగాను.

సెప్టెంబరు 26, శుక్రవారం. 365

ఏడాది. అక్క నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. బావ "మా మరదలు గట్టిపిండం" అన్నాడు. పాస్టరుగారు ఫోన్ చేసి ఎల్లుండి ఆరాధనలో నేను సాక్ష్యం చెప్పాలన్నారు. "నీ కథ విని ఎంతమంది మారతారో చూడమ్మా." సరేనన్నాను. మూడు పేజీలు రాశాను. మొదటి పేజీలోనే 'ఎవరికీ హాని చెయ్యలేదు' అన్న మాట.

సెప్టెంబరు 28, ఆదివారం

చెప్పాను. మైకు కొంచెం కిందికి దించి, గొంతు సవరించుకుని చెప్పాను. ఇంజెక్షన్ల సంగతి, వార్డు బట్టలు మార్చుకునే గదిలో స్పృహ లేకుండా దొరికిన సంగతి, చికిత్సలో పడ్డ పాట్లు, ఎనిమిదేసి వచనాలు. "ఎవరికీ హాని చెయ్యలేదు, నాకు తప్ప. ఆ నన్ను కూడా ప్రభువు క్షమించాడు" అనగానే ఒకటే చప్పట్లు, స్తోత్రాలు. మూడో వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి నాకు బాగా తెలిసినదే, సూది దిగిన మొదటి నిమిషం ఇలాగే ఉండేది.

టీచరుగారు చప్పట్లు కొట్టలేదు. కర్ర పట్టుకున్నారు కదా, కొట్టడానికి వీలుండదు.

బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి అన్నారు, "ధైర్యంగా చెప్పావు అమ్మాయీ. నాకు అంత ధైర్యం లేదు. బుధవారం రా, నేనూ నీకొకటి చెప్పాలి."

అక్టోబరు 1, బుధవారం. 370

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మార్చను.

"నాకు ఆపరేషన్ అయిన మర్నాడు. మత్తు పూర్తిగా వదిలింది. నొప్పి అంటే ఏంటో అప్పటిదాకా నాకు తెలీదమ్మా. ఇద్దరు పిల్లల్ని కన్నాను, అయినా తెలీదు. పొద్దున సూది వేశారు. తగ్గలేదు. ఒక గంట ప్రార్థన చేశాను. మధ్యాహ్నం ఇంకోటి వేశారు. అదీ పని చెయ్యలేదు. పక్క మంచమావిడకి అదే సూది వేస్తే నిద్రపోయింది, నా కళ్ళతో చూశాను. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? మందు అందరికీ పని చేస్తోంది, నాకొక్కదానికే చెయ్యట్లేదంటే ఆయనే నా నుంచి మొహం తిప్పుకున్నాడు అనిపించింది. నేనేం తప్పు చేశానా అని చిన్నప్పటి నుంచీ ఒక్కొక్కటే తవ్వుకున్నాను. సాయంత్రం మూడోది వేశారు. ఆ వేసిన పిల్ల నా తల నిమిరి 'తగ్గిపోతుందమ్మా' అంది. చల్లటి చెయ్యి. కళ్ళద్దాలు లేకపోతే నాకు మనుషులు ఆనరు, మొహం తెలీదు. ఆ చెయ్యి మాత్రం ఎంత మంచిదో అనుకున్నాను. అదీ పని చెయ్యలేదు. ఇక ఆయన్ని అడగడం మానేశాను. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్క ప్రార్థన చెయ్యలేదు. ఒంటరిగా ఉన్నా చెయ్యలేదు. నీకు నేర్పుతున్నానని నువ్వు అనుకుంటున్నావు. నేను దాక్కుంటున్నాను. ఏడో వచనం నువ్వు చెప్తుంటే విని ఊరుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు."

ఆవిడ నాకు ఉత్తరం ఇచ్చారు, తీసుకున్నాను. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. 'ఈమె నిజాయితీని నేను దగ్గరగా చూశాను' అని ఉంది.

ఇంటికి వచ్చి నా కుడిచెయ్యి చెంపకి ఆనించుకుని చూశాను. చల్లగానే ఉంది. చిన్నప్పటి నుంచీ అంతే.

అక్టోబరు 2

జూన్‌లో మొదలుపెట్టాను. ఆగస్టులో కాదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు, ఇందులో కూడా అబద్ధమే రాశాను.

అలమారాలోంచి తీస్తే లెక్క తేలిపోతుందని తొందరగానే తెలిసింది. రాసిచ్చిన మందు రాసిచ్చిన పేషెంటు దగ్గరికే వెళ్ళాలి. వెళ్ళింది. సిరంజిలో నీళ్ళు ఉండేవి. మందు నాలో ఉండేది. దొరికినప్పుడు అలమారా గురించే అడిగారు, పేషెంట్ల గురించి ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి జరగలేదు అనుకున్నాను. దేవుడి దగ్గర కూడా అలమారా వరకే ఒప్పుకున్నాను.

ఎంతమందో తెలీదు. పద్నాలుగో బెడ్ ఒకటి.

అక్టోబరు 5, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరుగారిని ఆయన గదిలో కలిసి చెప్పాను. టీచరుగారే అని చెప్పలేదు. ఒక పేషెంటు అన్నాను.

కాసేపు గడ్డం నిమురుకున్నారు. "దేవుడి దగ్గర ఒప్పుకో. ఆయన క్షమిస్తే ఇంకెవరు నిన్ను ఏమనగలరు? ఆ మనిషిని ఇప్పుడు కదపడం ఎందుకు, పుండు మానుతూ ఉంటుంది. కమిటీ అయిపోనీ. తర్వాత సమయం చూసుకుని చెప్పొచ్చు." ఆ వెంటనే, "వచ్చే నెల పెద్ద కూటాల్లో కూడా నీ సాక్ష్యం పెడుతున్నాం" అన్నారు.

నేను వినాలనుకున్న మాటలే, వరస కూడా తప్పలేదు. బయటికి వచ్చేసరికి ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

కూడికలో టీచరుగారు నా చెయ్యి నొక్కారు. ఇప్పుడు ఆ నొక్కడం ఏంటో తెలిసి కూడా కళ్ళు మూసుకుని గడగడా చదివేశాను. ఆమేన్ అన్నారు అందరూ.

అక్టోబరు 7, మంగళవారం. 376

ఆసుపత్రి మూటలోంచి దుప్పటి దులుపుతుంటే సిరంజి పడింది. ఎవరో పారెయ్యడం మర్చిపోయారు. సగం నిండా ఉంది. ఏ మందో తెలీదు. యాంటీబయాటిక్ కావచ్చు, వట్టి సెలైన్ కావచ్చు. ఏ మందో తెలియని దాన్ని ఏప్రాన్ జేబులో వేసుకుని అరగంట తిరిగాను.

వచనాలు మొదలుపెట్టాను. తొమ్మిదో భాగం. ఆరు వచ్చాయి. ఏడోది రాలేదు. మళ్ళీ మొదటి నుంచి. ఆరు. మళ్ళీ. అక్కడికి రాగానే పద్నాలుగో బెడ్ మీద ఆవిడ నుదురు కనిపిస్తోంది. ఇంకో భాగం చెప్పుకుందామని చూశాను, అన్నీ ఆవిడ గొంతుతోనే నేర్చుకున్నాను కదా, ఏదీ కుదురుగా రాలేదు. బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. చేతిమీద నరం కోసం తడుముకుంటున్నాను. అంతదాకా వచ్చింది.

మేస్త్రీ తలుపు బాదాడు. "డాక్టరమ్మా, నిద్రపోయావా? రోలరు ఆగిపోయింది ఇక్కడ!" ఆ మనిషికి నేను జన్మలో కృతజ్ఞత చెప్పను, కానీ రాసి పెడుతున్నాను. తలుపు తీసి సిరంజి వాడి చేతిలో పెట్టాను. వాడు మొహం చిట్లించి సూదుల డబ్బాలో పడేశాడు.

రేపు టీచరుగారికి చెప్తాను. పశ్చాత్తాపం అని గొప్పగా రాసుకోను. చెప్పకపోతే మళ్ళీ పొడుచుకుంటాను, అందుకు చెప్తున్నాను.

అక్టోబరు 8, బుధవారం. 377

చెప్పాను.

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ముందు నీళ్ళు నమిలాను, తర్వాత ఒక్క ఊపులో చెప్పేశాను. ఆవిడ ఎర్ర పెన్సిలు పట్టుకుని ఉన్నారు, వదల్లేదు. తర్వాత తరగతిలో అడిగినట్టే అడిగారు.

"పొద్దున వేసింది?"

"నీళ్ళు."

"మధ్యాహ్నం?"

"నీళ్ళే టీచరుగారూ."

"సాయంత్రం?"

"అదీ."

"తల నిమిరింది?"

"నేనే."

"ఎందుకు నిమిరావు?"

దీనికి నేను సిద్ధపడలేదు. ఉన్నదే చెప్పాను. "మీ మందు అప్పటికి నా ఒంట్లో ఉంది. అది ఎక్కితే అందరి మీదా ప్రేమ పుట్టుకొస్తుంది. మిమ్మల్ని చూస్తే నిజంగానే జాలేసింది."

ఆవిడ మొహం చూడలేకపోయాను. నేల మీద కర్ర చివర రబ్బరు బిళ్ళ చూస్తున్నాను.

"పదిహేను నెలలు" అన్నారు. "సరిగ్గా పదిహేను నెలలు నేను ఆయన్ని అనుమానించాను. నువ్వు వారం వారం వచ్చి నా ఎదురుగా కూర్చుని ఆయనతో మాట్లాడావు."

"మీరని నాకు తెలీదు. మొన్న సెప్టెంబరులోనే..."

"సెప్టెంబరులో తెలిసిందా? మరి సాక్ష్యం ఎప్పుడు చెప్పావు?"

ఆవిడ చెయ్యి చాపారు.

"ఉత్తరం ఇలా ఇయ్యి."

ఇచ్చాను. చింపుతారనుకున్నాను. మడతలు సరిచేసి సొరుగులో పెట్టుకున్నారు. "ఇది నాకు తెలియని మనిషి గురించి రాశాను. తెలిసిన మనిషి గురించి మళ్ళీ రాయాలి. పాస్టరు చేత పంపిస్తాను. నువ్వు మళ్ళీ రాకు."

చెప్పుల దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఎందుకు ఆగానో తెలుసు. క్షమించాను అంటారేమోనని. మా చర్చివాళ్ళు ఆ మాట చాలా తొందరగా అంటారు, ఆ అలవాటు నాకూ పట్టుకుంది. ఆవిడ అనలేదు. లోపల కర్ర చప్పుడు వంటింటి వైపు వెళ్ళిపోయింది.

అక్టోబరు 9

అక్కకి తెలిసింది. "ఎవరడిగారే నిన్ను? ఇంకో వారం నోరు మూసుకుని ఉండలేకపోయావా? ఆ రోగం వదిలిందనుకుంటే ఇప్పుడు నిజం చెప్పే రోగం పట్టుకుంది!" అని ఒకటే ఏడుపు. బావ జోకు వెయ్యలేదు. అదే ఎక్కువ భయం వేసింది.

అక్టోబరు 13, సోమవారం

పాస్టరుగారు కవరు ఇచ్చారు. ఆయనకి టీచరుగారు అంతా చెప్పినట్టున్నారు, నా మొహం వైపు చూడలేదు. పెద్ద కూటాల ఊసు కూడా ఎత్తలేదు. ఆయన ఉత్తరం మాత్రం ఉంచుకోమన్నారు. "అదొక్కటే ఇచ్చినా సరిపోతుందేమో అడుగు" అన్నారు మెల్లగా.

కవరు అంటించి లేదు. చదువుకుని, ఇవ్వాలో వద్దో నేనే తేల్చుకోవాలని ఆవిడ ఉద్దేశం. చదివాను. నాలుగే వాక్యాలు.

'నేను ఈ నర్సు వార్డులో పద్నాలుగో బెడ్ పేషెంటుని. ఈమె నాకు రాసిచ్చిన నొప్పి మందు మూడుసార్లు తాను వాడుకుని నాకు నీళ్ళు ఎక్కించింది. ఆ సంగతి ఎవరూ అడగకుండా తానే వచ్చి నాతో చెప్పింది. ఈ రెండూ నిజమేనని నాకు తెలుసు.'

కొట్టివేత ఒక్కటి లేదు.

అక్టోబరు 14

ఇవ్వకపోతే ఎవరికీ తెలీదు.

అక్టోబరు 15, బుధవారం. 384

ఇచ్చాను.

బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ ఒకప్పుడు నర్సే అయి ఉండాలి, వాచీ నాలాగే లోపలివైపు తిప్పి పెట్టుకుంది. ఉత్తరం రెండుసార్లు చదివింది.

"ఇది మీరే తెచ్చారా?"

"అవునండీ."

"చదివే తెచ్చారా?"

"చదివానండీ."

వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బయట కూర్చోమన్నారు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. రిజిస్ట్రేషన్ శాశ్వతంగా రద్దు. ఆ రెండు నెలలూ, కాదు, నేను వాళ్ళకి చెప్పినట్టు జూన్ నుంచి నాలుగు నెలలూ వార్డులో ఉన్న పేషెంట్లందరి గురించీ విచారించమని ఆసుపత్రికి రాస్తారట. మధ్యలో కూర్చున్నావిడ ఏదో అనబోయి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

నిజం చెప్తే గుండె తేలికవుతుందని చర్చిలో వందసార్లు విన్నాను. నేనూ మైకులో చెప్పాను. నాకేమీ తేలిక కాలేదు. కోపంగా ఉంది. పదహారేళ్ళు చేసిన పని. ఇంకేదీ నాకు రాదు. ఒక్కరైనా బాగా చేశావు అంటారని బస్సు దిగేదాకా ఎదురుచూస్తూనే ఉన్నాను, సిగ్గు లేకుండా.

అక్టోబరు 16

లాండ్రీ. మేస్త్రీ ఇవాళ డాక్టరమ్మా అనలేదు. ఎవరు చెప్పారో.

అక్టోబరు 19, ఆదివారం. 388

వెళ్ళకూడదనుకున్నాను. అక్క "వెళ్ళు. లేకపోతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావో నాకు భయం" అంది. వెళ్ళాను.

ఆరాధన అయ్యాక కూడికకి గుండ్రంగా నిలబడ్డారు. అవతలి వైపు దూరదామని చూశాను. అందరూ ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు, ఖాళీ ఒక్కటే మిగిలింది. టీచరుగారి పక్కన. ఆవిడ నా వైపు చూడకుండా చెయ్యి చాపారు. పట్టుకున్నాను. ముసలి చెయ్యి, వెచ్చగా ఉంది.

వరస ఆవిడ దాకా వచ్చింది. నా చెయ్యి నొక్కుతారని సిద్ధంగా ఉన్నాను. నొక్కలేదు. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆవిడ నోరు తెరిచారు.

ముందు మాట తడబడింది. వాడక తుప్పు పట్టిన గొంతు. "అయ్యా, నేను" అని ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఆ పని నీవు చేసింది కాదని నాకు తెలియలేదు, అన్నారు. ఎవరి గురించి, ఏ సంగతి అన్నది అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలీదు. తర్వాత గొంతు కుదురుకుంది. గుండ్రంగా ఉన్న వాళ్ళందరి కోసం ఒక్కొక్కరినీ చెప్పుకుంటూ ప్రార్థన చేశారు. కీళ్ళనొప్పులావిడ, కుట్టుమిషనావిడ, కొత్తగా పెళ్ళైన పిల్ల, పాస్టరుగారి భార్య, మనవడు దూరమైన పెద్దావిడ. కొంతమంది వెక్కుతున్నారు. తప్పు లేకుండా, దీర్ఘాలతో సహా, ఎంత బాగా చేశారో. ఆవిడ ప్రార్థన నేను వినడం ఇదే మొదటిసారి. నేను ఏడాదిగా ఊరంతా వినిపించింది దీని ముందు దేనికీ పనికిరాదు.

పది మంది అయ్యారు. పదకొండో దాన్ని నేనే. ఎదురుచూశాను. ఆవిడ ఆగారు, ఊపిరి తీసుకున్నారు, ఆమేన్ అన్నారు.

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

అప్పుడు ఆవిడ నా చెయ్యి నొక్కారు. గట్టిగా కాదు, నెమ్మదిగా కాదు, వంతు వచ్చింది కాబట్టి నొక్కారు.

నోరు తెరిచాను. తొమ్మిది భాగాలు, డెబ్బై రెండు వచనాలు ఉన్నాయి నా దగ్గర. అందరూ కళ్ళు మూసుకుని నా కోసం ఆగి ఉన్నారు. చాలాసేపు ఆగారు. నా అటుపక్కన కొత్త పెళ్ళికూతురు నిలబడి ఉంది. దాని చెయ్యి నొక్కాను.